మేళం వెనక నడిచిన బండి

ఎర్ర కారు నేను నాకోసమే కొనుక్కున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే నా మనసు తేలికవుతుంది. మా ఆయన్ని మళ్లీ స్టీరింగు ముందు కూర్చోబెట్టడానికే కొంటున్నానని ఆ రోజుల్లో మా అత్తమ్మకీ, ఆడపడుచుకీ, అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పాను. అందరూ నమ్మారు. నమ్మనిది మా ఆయన ఒక్కడే.

చిలకలూరిపేటలో ఆడవాళ్లకి కారు నేర్పడం నా పని. తొమ్మిదేళ్లుగా అదే తెల్ల కారు, దాని నెత్తిన అదే బోర్డు. నేర్చుకునే కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. స్టీరింగు పట్టుకున్నావిడ దేవుణ్ణి తలుచుకుంటూ ఉంటే, నేను పక్కన కూర్చుని కాళ్లతో బండి నడుపుతుంటాను. మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలం, కాలవ కట్ట రోడ్డు, మళ్లీ ఇల్లు. స్పీడు ముప్ఫై దాటితే నా శిష్యురాళ్లు కళ్లు మూసేసుకుంటారు. ఆరువందల మందికి పైగా లైసెన్సులు ఇప్పించాను గానీ నేను మాత్రం ఎప్పుడూ స్పీడుగా పోయింది లేదు. నలభై మూడేళ్లొచ్చాయి. ఒక్కసారి, నెత్తిమీది స్కార్ఫు గాలికి పటపటలాడేట్టు హైవే మీద పోవాలని ఉండేది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన సాదిక్ ఇరవై రెండేళ్లు లారీ తోలాడు. పల్లెల్లో కళ్లాల దగ్గర మిరపకాయ టిక్కీలు, అంటే గోనె బస్తాలు, ఎత్తుకుని గుంటూరు యార్డుకి చేర్చేవాడు. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైమాటే, లారీ నిండా ఘాటు. ఇంటికొచ్చాక ఆయన చొక్కా విదిలిస్తే మేమంతా తుమ్మేవాళ్లం. కిందటేడు కోతల కాలంలో, మార్టూరు దాటాక, తెల్లవారుతుండగా, మిరప కోతకి పోయే కూలీల ఆటో ఒకటి పక్కదారి నుంచి చూసుకోకుండా రోడ్డెక్కేసింది. అందులో పద్నాలుగు మంది ఆడవాళ్లు. ఆయన లారీని ఎడమకి తిప్పేశాడు. లారీ రోడ్డు దిగి పత్తిచేలో పక్కకి ఒరిగింది. ఆటోకి గీత కూడా పడలేదు. ఆయనకి నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. పద్నాలుగు మందిని కాపాడాడని ఊరంతా మెచ్చుకుంది. లారీ ఓనరు లక్ష్మీనరసింహం గారు ఇంటికొచ్చి శాలువా కప్పి వెళ్లారు. మా ఆయన ఆ శాలువాని మడతపెట్టి బీరువాలో పెట్టాడు. ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు.

ఒక్క లారీ స్టీరింగే కాదు. నా తెల్ల కారులో ముందు సీట్లో కూడా కూర్చునేవాడు కాదు. వెనక్కి వెళ్లి కూర్చుని, తల వంచుకుని తన చెప్పులు చూసుకునేవాడు. ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో, గేటు దగ్గర కుర్చీ వేసుకుని, లోపలికొచ్చే బళ్లకి చీటీలు రాసే పనిలో చేరాడు. పొద్దున తొమ్మిదికి నా స్కూటీ వెనకెక్కి వెళ్లడం, సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి రావడం. లారీ డ్రైవరు పెళ్లానికి మొగుడు రోజూ ఆరింటికి ఇంట్లో ఉండటమంటే పండగే అనుకుంటారు. మొదటి నెల నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత్తర్వాత తెలిసింది. మనిషి ఇంట్లో ఉండేవాడు గానీ నోట్లో మాట ఉండేది కాదు. టీవీ ముందు కూర్చుంటే ఏం చూస్తున్నాడో చెప్పలేకపోయేవాడు. అలా ఏడాది గడిచింది. ఈ మనిషి ఇలాగే మిగిలిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

ఫిబ్రవరిలో శ్రీదుర్గ ఫోను చేసింది. నా దగ్గరే కారు నేర్చుకుని, ఇప్పుడు మంగళగిరిలో ఏదో ఆఫీసులో పనిచేస్తున్న పిల్ల.

“మేడం, మీకు స్పోర్ట్స్ కారు నడపాలనుందని అన్నారు కదా. ఇక్కడొకటి అమ్మకానికుంది.”

“నేనెప్పుడన్నాను?”

“నేను కరెంటు స్తంభాన్ని గుద్దిన రోజు. కోపంలో అన్నార్లెండి.”

ఎవరికీ చెప్పలేదనుకున్న కోరిక అలా ఎప్పుడో నోరు జారిందన్నమాట. ఫొటో పంపించింది. ఎర్ర కారు, రెండే తలుపులు, నేలకి ఆనుకున్నంత కిందగా ఉంది. మీట నొక్కితే పైకప్పు వెనక్కి మడుచుకుపోతుందట. కంపెనీ పేరు మాత్రం చెప్పను. చెబితే మా ఆడపడుచు నస్రత్ ఫోనులో రేటు వెతుకుతుంది. నా డ్రైవింగు స్కూలుకి రెండో కారు కొందామని దాచుకున్న డబ్బు నా దగ్గరుంది. పాత బండి కాబట్టి దాంతోనే సరిపోతుంది.

మా అత్తమ్మ రహమతున్నీసా ఫొటోని కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది.

“రెండే తలుపులున్నాయేంటే?”

“రెండేనత్తమ్మా.”

“మరి నేను ఎటునుంచి ఎక్కాల?”

“పైకప్పు తీసి పైనుంచి దించుతాం.”

“నేనేమన్నా బావిలోకి దించే బిందెనా?” అంటూ ఫోను నా చేతిలో పెట్టేసింది. తర్వాత గొంతు తగ్గించి, “వాడికోసం అంటున్నావు గనక నేనేమీ అనను. వాడు మళ్లీ బండెక్కుతాడంటే విమానం కొనుక్కో” అంది.

ఆ సాయంత్రం ఆయన అడిగాడు. “నాకోసం కొంటున్నానని అమ్మకి చెప్పావంట?”

“అవును.”

“నేనెప్పుడన్నా ఎర్ర రంగు అడిగానా?”

తోడు రమ్మంటే మాత్రం వచ్చాడు. ఇద్దరం బస్సులో మంగళగిరి వెళ్లాం.

అమ్మేవాడి పేరు శ్యామ్ సుందర్. ముప్ఫై అయిదేళ్లుంటాయి, నల్ల కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని ఉన్నాడు. కారుని తడిగుడ్డతో తుడుస్తూ మర్యాదగా మాట్లాడాడు.

“పదకొండేళ్ల బండి అనిపిస్తుందా మేడం? రీడింగు చూడండి, ఇరవై రెండు వేలు. ఏడాదికి రెండువేలకి మించి తిరగలేదండి. దేవుడి గదిలో పెట్టుకున్నట్టు పెట్టుకున్నాం.”

నేను ఆషామాషీ మనిషిని కాదని అతనికి తెలియాలని, బానెట్ ఎత్తించాను, టైర్లు గోరుతో గీకాను, తలుపులు నాలుగుసార్లు వేసి తీశాను. సీటు మడతలో వేలు పెడితే నాలుగు పసుపు బియ్యం గింజలు తగిలాయి.

“అక్షింతలండి” అన్నాడు శ్యామ్ సుందర్ నవ్వుతూ. “శుభకార్యాలకి తప్ప ఈ బండిని వేరే దేనికీ తియ్యలేదు.”

శుభమే కదా అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఇక క్లచ్. అది నా సొంత సబ్జెక్టు. పెడలు నొక్కి చూశాను, మెత్తగా ఉంది. హ్యాండ్ బ్రేకు లాగి, ఒకటో గేరు వేసి, క్లచ్ వదిలాను. ఇంజను టక్కున ఆగిపోయింది. ఆగాలి. ఆగకుండా గర్రుమంటూ తిరుగుతుంటే క్లచ్ అరిగిపోయినట్టు. నా శిష్యురాళ్లందరికీ నేర్పే పరీక్షే ఇది. తర్వాత ఆ వీధిలో రెండు రౌండ్లు తిప్పాను. ఒకటి, రెండు, మూడు గేర్లు వెన్నలా పడ్డాయి. కుదుపు లేదు, శబ్దం లేదు.

మా ఆయన శ్యామ్ సుందర్ కారు షెడ్డు బయట నీడలో నిలబడ్డాడు. కారు వైపు చూడను కూడా చూడలేదు.

“ఏమంటారు?” అని అడిగాను.

“నువ్వు చూశావుగా” అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి కాగితాలు అయిపోయాయి. తాళం నా చేతికొచ్చింది. ఆయన అలవాటుగా వెనక సీట్లోకి దూరబోయాడు. ఆరడుగుల మనిషి. ఆ కారులో వెనక సీటంటే పేరుకే, చిన్నపిల్లలు కూడా కాళ్లు ముడుచుకు కూర్చోవాలి. ఒక కాలు లోపల పెట్టి, రెండోది ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు వంగి నిలబడి, చివరికి బయటికొచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. ఏడాది తర్వాత ఆయన నా పక్కన ముందు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి.

పైకప్పు తీసేశాను. గుంటూరు బైపాస్ దాటేదాకా నా ఆనందం నాదే. పక్కన మిరపకాయల లారీలు పోతుంటే ఇద్దరికీ తుమ్ములు వచ్చాయి. స్కార్ఫు పటపటలాడింది. ఒక బస్సులోంచి కాలేజీ పిల్లలు చేతులూపితే నేనూ ఊపాను. నాలుగో గేరు వేశాను. అయిదో గేరు వేశాను. ఎదురుగా పెద్ద వంతెన ఎక్కాలి, కాలు గట్టిగా తొక్కాను.

ఇంజను శబ్దం ఒక్కసారిగా పెరిగింది. బండి స్పీడు మాత్రం పెరగలేదు. ఇంకా తొక్కాను. గోల ఇంకా పెరిగింది, బండి మాత్రం వెనక్కి లాగుతున్నట్టు నెమ్మదించింది. వెనక లారీవాడు హారను మోగించాడు. ముక్కుకి ఏదో మాడు వాసన తగిలింది.

“క్లచ్ జారుతోంది” అన్నాడు ఆయన.

తల తిప్పి చూశాను. ఆయనింకా కిటికీలోంచే చూస్తున్నాడు. కళ్లతో పనిలేకుండా చెవితో చెప్పేశాడు.

“జారడమేంటి? నేను చూశాను కదా, ఇంజను ఆగింది.”

“ఒకటో గేరులో చూశావు. అందులో ముసలి ఎద్దు కూడా లాగుతుంది. నాలుగులో చూడాలి.”

నేను మూడో గేరు దాటి బతికింది ఎప్పుడని, నాలుగులో చూడటానికి! తొమ్మిదేళ్లు క్లచ్ గురించి పాఠాలు చెప్పినదాన్ని, క్లచ్ పోయిన బండి కొని నడిరోడ్డు మీద నిలబడ్డాను. నా శిష్యురాళ్లందరి ముందూ పరువు పోయిందనిపించింది. పైన పటారం లోన లొటారం అని మా అత్తమ్మ ఎలాగూ అంటుంది.

వంతెన దిగాక మార్జిన్లో ఆపాను. మా వీధిలోనే షెడ్డు పెట్టుకున్న మెకానిక్ అన్వర్‌కి ఫోను చేశాను. అతను పిడుగురాళ్లలో పనిమీద ఉన్నాడు, సాయంత్రం దాకా రాలేనన్నాడు. ఎండ మండిపోతోంది. తీసిన పైకప్పు మళ్లీ మూయబోతే సగం దాకా వచ్చి ఇరుక్కుపోయింది.

“మెల్లగా తీసుకుపోదాం” అన్నాడు ఆయన. “బండి కదిలాక ఇక క్లచ్ ముట్టుకోకు. ఎక్కుడు వచ్చేముందే ఒక గేరు తగ్గించు. కాలు బరువు వెయ్యకు. నలభై దాటించకు.”

సరేనని బయల్దేరాను. కిలోమీటరు వెళ్లామో లేదో మళ్లీ మాడు వాసన.

“కాలు తియ్యి.”

“తీశానండీ.”

“తియ్యలేదు.”

కిందికి చూశాను. నా ఎడమకాలు క్లచ్ మీదే ఉంది. తొమ్మిదేళ్లుగా, ఎవరు ఎప్పుడు దేన్ని గుద్దుతారోనని క్లచ్ మీదే పెట్టుకుని బతికిన కాలు అది. తీసి కింద పెట్టాను. ఎదురుగా గేదెలు కనిపించేసరికి నాకు చెప్పకుండా మళ్లీ వెళ్లి అక్కడే కూర్చుంది.

“సిద్దికా, కాలు!”

“నేను పెట్టలేదు, అదే వెళ్లింది!”

ఆయన నవ్వాడు. చిన్న నవ్వే. నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేక ఆ నవ్వుని సగమే చూశాను. ఇంకో రెండు కిలోమీటర్లు పోయేసరికి వాసన ఘాటుగా వచ్చింది.

“ఆపు” అన్నాడు. “నీ కాలు నీ మాట వినేట్టు లేదు. ఇలాగైతే పేట చేరేలోపు ప్లేటు మాడి మసైపోద్ది. దిగు.”

దిగాను. ఆయన ముందునుంచి చుట్టూ తిరిగి నా వైపు వచ్చాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మూడు లారీలు పోయాయి. నాలుగోది కూడా పోయింది. ఏదైనా అంటే పాడైపోతుందని, వెళ్లి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, పత్తి చేల వైపు మొహం తిప్పుకున్నాను. తలుపు పడిన చప్పుడైంది. తర్వాత బండి కదిలింది. ఎప్పుడు కదిలిందో తెలియనంత మెత్తగా కదిలింది.

పేట దాకా ముప్ఫై కిలోమీటర్లు. ఆయన ఎక్కడా బ్రేకు కొట్టలేదు. అరకిలోమీటరు ముందే చూసుకుని కాలు తీసేవాడు, ఎదురున్న ట్రాక్టరు తప్పుకునేసరికి బండి సరిగ్గా అక్కడికి చేరేది. ఎక్కుడు రాకముందే గేరు తగ్గించేవాడు. ఒక్కసారి కూడా ఇంజను గోలపెట్టలేదు, వాసన రాలేదు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. స్టీరింగు మీద వేళ్లు తెల్లబడ్డాయి. ఒకచోట పక్కదారి నుంచి కూలీల ఆటో రోడ్డెక్కబోయి ఆగింది. ఆయన ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. హారను కొట్టి, కాస్త కుడికి జరిగి, దాటించేశాడు.

ఇంటి ముందు బండాపి తాళం నా చేతికిచ్చి, పెరట్లోకి పోయి మొహం కడుక్కున్నాడు. చెంబులో నీళ్లు సగం కిందే పోయాయి. గుమ్మంలో నిలబడ్డ అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“వాడు డ్రైవరు సీట్లోంచి దిగాడేంటే?”

మాట్లాడొద్దని సైగ చేశాను. మా అత్తమ్మ మాట్లాడకుండా ఉండటం నా కాపురంలో అదే మొదటిసారి చూశాను. మర్నాడు పొద్దున ఆయన మామూలుగానే నా స్కూటీ వెనకెక్కి చీటీలు రాయడానికి వెళ్లిపోయాడు. అవసరం కొద్దీ తోలాడు, అవసరం తీరింది, అంతేనేమో అనుకున్నాను.

ఆదివారం అన్వర్ బండిని షెడ్డులో పైకెత్తి గేరుబాక్సు దించాడు. చిన్న కంచమంత ఉండే క్లచ్ ప్లేటు తీసి నా ముందు పెట్టాడు. దానిమీద గరుకుగా ఉండాల్సిన పొర అరిగిపోయి, రేకు బిగించిన రివెట్లు పైకి తేలాయి.

“ఇది రోడ్డు మీద అరిగింది కాదు వదినా” అన్నాడు అన్వర్. “ఏ బండి ఇది? ఎక్కడ తిరిగింది?”

“శుభకార్యాలకి వాడారంట.”

అన్వర్ నెత్తి కొట్టుకున్నాడు. “అదీ సంగతి. పెళ్లి ఊరేగింపుల బండి. ముందు బ్యాండు, వెనక చుట్టాలు, మధ్యలో ఇది. మనుషులు నడిచే స్పీడుకి ఒకటో గేరు కూడా ఎక్కువే. అందుకని క్లచ్ సగం తొక్కి పట్టుకుని తోలతారు. విడిది నుంచి మండపం దాకా ఒక కిలోమీటరు, రెండు గంటలు. డాన్సు ఉన్నచోటల్లా ఆగాల, మళ్లీ కదలాల. కిలోమీటర్లు చూస్తే పసిపిల్ల, క్లచ్ చూస్తే ముసల్ది.”

సీటు మడతలో దొరికిన పసుపు బియ్యం గుర్తొచ్చాయి. అక్కడే శ్యామ్ సుందర్‌కి ఫోను చేశాను.

“ఏమండీ, ఊరేగింపులకి తిప్పానని చెప్పలేదే?”

“శుభకార్యాలకని చెప్పానండి.”

“క్లచ్ అరిగిపోయింది.”

“అయ్యో! మీరు డ్రైవింగ్ స్కూలు మేడం కదా, చూసి బాగుందంటే నిజంగానే బాగుందనుకున్నా మేడం.”

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. ఫోను పెట్టేశాను. తిరిగి చూస్తే మా ఆయన ఆ ప్లేటుని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూస్తున్నాడు.

“అన్వర్, ప్లేటు రాసుకునే ఫ్లైవీలు కూడా వేడికి నీలం తిరిగింది చూశావా? ప్లేటు ఒక్కటే మారిస్తే లాభం లేదు. దాన్ని లేతు మీద పెట్టించి సాపు చేయించు. బేరింగు కూడా మార్చెయ్. మళ్లీ మళ్లీ దించే పని పెట్టుకోవద్దు.”

“సరే అన్నా.”

“పాతది వెయ్యకు. విజయవాడలో దొరక్కపోతే మద్రాసు నుంచి తెప్పించు. ఎన్నాళ్లైనా పర్లేదు.”

నేను పక్కన నిలబడి విన్నాను. సంవత్సరం మొత్తం మీద మాట్లాడనన్ని మాటలు ఆయన ఆ పది నిమిషాల్లో మాట్లాడాడు. అప్పుడు నాకు ఆ శ్యామ్ సుందర్ మీద కోపం కూడా పోయింది.

ప్లేటు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆయన ఆరింటికి ఇంటికి రావడం మానేశాడు. కోల్డ్ స్టోరేజీ నుంచి నేరుగా అన్వర్ షెడ్డుకి పోయి, చీకటి పడేవేళకి చేతులకి గ్రీజుతో వచ్చేవాడు. అత్తమ్మ సబ్బు తీసుకెళ్లి పంపు దగ్గర పెట్టేది. ఒకరోజు అన్నం తింటుండగా అడిగేశాను.

“ఆరోజు తోలారు కదా. భయం వెయ్యలేదా?”

ముద్ద కలిపాడు. “వేసింది. కానీ ధ్యాసంతా క్లచ్ మీదే పెట్టా. ఎక్కడ జారుద్దో, ఎక్కడ జారదో చూసుకుంటా కూర్చున్నా. భయపడటానికి తీరిక దొరకలేదు” అన్నాడు. మళ్లీ తనే, “దారంతా ఆటోలే ఉన్నాయి సిద్దికా. ఇన్ని ఆటోల మధ్య ఇన్నేళ్లు ఎలా తోలానో” అన్నాడు. ఆ సంగతి గురించి ఆయన నోరు విప్పడం అదే మొదలు. నేను ఇంకాస్త కూర వడ్డించాను.

బండి బాగయిన రోజున ఆయనే నన్ను హైవే మీదికి తీసుకెళ్లాడు. నేను స్టీరింగు ముందు, ఆయన పక్కన. ఇన్నాళ్లూ నేను ఇతరుల మీద అరిచిన అరుపులన్నీ ఆ గంటలో నాకు తిరిగొచ్చేశాయి.

“నాలుగు వెయ్. ఇప్పుడు అయిదు. తొక్కు. ఇంకా తొక్కు! బండి పోతుందా లేదా?”

“పోతోంది!”

“మరి ఆ ఎడమకాలు అక్కడేం చేస్తోంది? సీటు కింద కట్టెయ్యమంటావా?”

“ఏమండీ, నేను మేడంనండీ, కాస్త మర్యాద!”

“మేడంలే ముందు క్లచ్‌లు తగలేస్తారు.”

ఇద్దరం నవ్వుకున్నాం. తొంభై మీద కూడా బండి ఊగకుండా గోడలా స్థిరంగా పోయింది. నా సరదా తీరింది. వచ్చేటప్పుడు తాళం అడక్కుండానే ఆయన చేతిలో పెట్టాను, ఆయన అడక్కుండానే తీసుకున్నాడు.

ఏప్రిల్‌లో లక్ష్మీనరసింహం గారు ఇంటికి ఫోను చేశారు. ఆయన డ్రైవరు ఒకడు జ్వరంతో పడిపోయాడట. వేసవి సెలవులకి యార్డు మూసేలోపు అద్దంకి వైపు నుంచి ఆఖరి కోత కాయలు రెండు లోడ్లు చేరాలట.

“సాదిక్‌ని బలవంతం చెయ్యను తల్లీ” అన్నారాయన. “ఊరికే చెవినెయ్యి.”

చెవినేశాను. ఆయన విని “ఊఁ” అన్నాడు. మర్నాడు అయిదింటికి లేచి చూస్తే, స్నానం చేసి ఖాకీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. నేను గబగబా చపాతీలు చేసి డబ్బాలో పెట్టిచ్చాను. జాగ్రత్త అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అత్తమ్మ కూడా నమాజు చాప మీద నుంచి తల తిప్పకుండా, ఆయన బూట్ల చప్పుడు వీధి చివరిదాకా పోయేవరకు వింటూ కూర్చుంది.

ఆ రోజు నేను ఎలా పాఠాలు చెప్పానో నాకే తెలియదు. వెంకాయమ్మ గారని కొత్తగా చేరినావిడ, రిటైరైన టీచరు, “ఏమ్మా, నేను తిప్పితే నువ్వు తిప్పొద్దంటావు, ఇందాకటి నుంచి నువ్వే తిప్పుతున్నావు” అంది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఫోను చెయ్యాలనిపించి పదిసార్లు తీసి పదిసార్లూ పెట్టేశాను. తోలుతున్న మనిషికి ఫోను చెయ్యకూడదు. ఆరయింది. ఆరున్నరయింది. అత్తమ్మ గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతోంది. ఏడు దాటాక ఫోను మోగింది. నేను తీసేలోపు రెండుసార్లు చేతిలోంచి జారింది.

వెనక హారన్లు, హమాలీల కేకలు, ఎవడో పగలబడి నవ్వడం వినిపించాయి.

“సిద్దికా, యార్డు బయట లైను చుట్టుగుంట సెంటరు దాకా ఉంది. నా ముందు వంద బళ్లున్నాయి. రేపు మధ్యాహ్నానికి గానీ దించరు. రాత్రికి రాను. నాకు అన్నం ఉంచొద్దు.”

“ఏ దారిన వెళ్లారు?” అని అడిగాను.

“ఆ మార్టూరు దారినే. వేరే దారెక్కడుంది?” అన్నాడు. ఎవరో “సాదిక్ భాయ్, టీ!” అని పిలిచారు. “ఆఁ, వస్తున్నా రా!” అని అరిచి ఫోను పెట్టేశాడు. ఆ అరుపు విని ఎంతకాలమైందో.

అత్తమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. “ఏమంటాడే?”

“రాత్రికి రాడంటత్తమ్మా.”

“అల్‌హందులిల్లా, అంతా ఆ దేవుడి దయ” అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేనూ దాచుకోలేదు, అక్కడే పీట మీద కూర్చుని ఏడ్చేశాను. మొగుడు ఇంటికి రాడని విని ఇంత సంతోషపడిన ఇల్లు పేటలో ఇంకోటి ఉండి ఉండదు. ఏడుపు అయ్యాక ఆకలి తెలిసింది. అత్తమ్మ రెండు కంచాలు పెట్టి, కూరలో ఆయనకోసం అట్టే పెట్టిన గుడ్డు తీసి నా కంచంలో వేసింది. నేను దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి ఆవిడ అన్నం మీద పెట్టాను.